ఇరవైల్లోనే జుట్టు నెరిస్తే: ఏది జబ్బు, ఏది వంశం, ఏది ఊరికే జనం గోల

బాలనెరుపు మీద సలహా ఇవ్వలేని మనిషి మన దగ్గర ఉండడు. అమ్మమ్మేమో తలకి నూనె పెట్టవు కాబట్టే అంటుంది, బాబాయేమో హైదరాబాద్ బోరు నీళ్ల మీద తోసేస్తాడు, ఆఫీసులో పక్క సీటు వాడు "టెన్షన్ తగ్గించుకో బ్రో" అంటాడు, సెలూన్ అన్న షాంపూ మార్చమంటాడు, మెడికల్ షాపు వాడు అడక్కుండానే బయోటిన్ అనే విటమిన్ డబ్బా కౌంటర్ మీద పెడతాడు, ఇక యూట్యూబ్ సంగతి చెప్పక్కర్లేదు, ఉల్లిపాయ రసం దగ్గర్నుంచి టీ డికాక్షన్ దాకా వాళ్లు తలకి పట్టించనిది లేదు. ఇన్ని సలహాల్లోనూ దాక్కుని ఉన్న మాట మాత్రం ఒక్కటే: తప్పు నీదే. నువ్వేదో చెయ్యకూడనిది చేశావు, లేకపోతే చెయ్యాల్సింది చెయ్యలేదు, అందుకే తల ముగ్గుబుట్ట అవుతోంది. ఇంటర్‌లోనే కణతల దగ్గర తెల్ల వెంట్రుకలు మొదలైన నాలాంటి వాళ్లకి తెల్లదనం కంటే ఈ నేరారోపణే ఎక్కువ చిరాకు తెప్పిస్తుంది.

నాకు అర్థమైనంతలో ఈ గోలంతా ఎక్కడ పుడుతుందంటే, రెండు వేర్వేరు ప్రశ్నల్ని ముడేసి మాట్లాడుకోవడం దగ్గర. ఒంట్లో ఏమైనా తేడా ఉందా అనేది ఒకటి, దానికి కొన్ని రక్త పరీక్షలు చాలు, వారంలో తేలిపోతుంది. ఈ రంగుతో నేనేం చెయ్యాలి అనేది ఇంకోటి, అది పూర్తిగా మన ఇష్టం, దాంట్లో డాక్టర్‌కి కూడా పెద్దగా పని లేదు. మొదటిది చూపించుకోకుండా ఏళ్ల తరబడి నూనెల మీద డబ్బు తగలేసేవాళ్లు ఉన్నారు, రెండోది తేల్చుకోలేక రిపోర్టులన్నీ నార్మల్ వచ్చినా ఇంకో డాక్టర్, ఇంకో డాక్టర్ అని తిరిగేవాళ్లూ ఉన్నారు.

అసలు ఏ వయసుకి వస్తే ముందుగా వచ్చినట్టు? డాక్టర్లు వాడే లెక్క ప్రకారం తెల్లజాతి వాళ్లలో 20 ఏళ్లలోపు, ఆసియా వాళ్లలో 25లోపు, ఆఫ్రికా మూలాలున్న వాళ్లలో 30లోపు నెరవడం మొదలైతే దాన్ని బాలనెరుపు అంటారు. అంటే 28 ఏళ్లకి నాలుగు తెల్లవి కనిపించి గుండె ఆగినంత పనైన వాళ్లు ఈ లెక్కలోకే రారు, అది మామూలు వ్యవహారమే, కాస్త ముందు అంతే.

కుదుట్లో ఏం జరుగుతుంది

బయటికి కనిపించే వెంట్రుకంతా ప్రాణం లేని పదార్థం, కెరాటిన్ అనే ప్రోటీన్. దానికి రంగెక్కే పని చర్మం లోపలే, కుదుట్లోనే అయిపోతుంది. కుదురు అడుగున మెలనోసైట్లు అనే కణాలు మెలనిన్ తయారు చేసి, పెరుగుతున్న వెంట్రుకలోకి ఎక్కిస్తూ ఉంటాయి. నలుపు, ముదురు గోధుమ రంగు ఇచ్చేది యూమెలనిన్, ఎరుపు పసుపు ఛాయలిచ్చేది ఫియోమెలనిన్, మనవాళ్ల జుట్టులో మొదటిదే ఎక్కువ. ఒకసారి వెంట్రుక బయటికొచ్చాక ఎండకి కాస్త వెలిసిపోవచ్చు గానీ, లోపల్నుంచి దానికి కొత్తగా రంగు ఎక్కదు.

ఒక్కో వెంట్రుక 2 నుంచి 6 ఏళ్ల పాటు పెరుగుతుంది, తర్వాత రెండు మూడు వారాలు కుదురు ముడుచుకుంటుంది, ఆపైన రెండు మూడు నెలలు ఖాళీగా ఉండి రాలిపోతుంది, మళ్లీ అదే కుదుట్లోంచి ఇంకోటి మొదలు. ఈ చక్రం తిరిగిన ప్రతిసారీ పాత మెలనోసైట్లు చచ్చిపోతాయి, కొత్త వెంట్రుకకి కొత్తవి కావాలి, అవి కుదురు పైభాగంలో ఉండే మూలకణాల నుంచి వస్తాయి. గాదెలో విత్తనాల్లాగ అన్నమాట, ప్రతి కారుకీ కొన్ని తీసి చల్లుతాం, గాదె ఖాళీ అయ్యాక చల్లడానికి ఏమీ ఉండదు. జుట్టు మాత్రం మామూలుగానే పెరుగుతుంది, ఎందుకంటే వెంట్రుకని పెంచే కణాలు వేరు, రంగేసే కణాలు వేరు. తెల్లబడింది కదా ఇక రాలిపోతుందేమో అనే భయం చాలామందికి ఉంటుంది, ఆ రెండింటికీ సంబంధం లేదు. దూరం నుంచి బూడిద రంగులా కనిపించే తల కూడా దగ్గరికొచ్చి చూస్తే చాలావరకు నల్లవీ తెల్లవీ కలిసిపోయిన తలే.

ఇది అర్థమైతే సగం సలహాలు వాటంతటవే రాలిపోతాయి. బోరు నీళ్లు జుట్టుని పీచులా చెయ్యొచ్చు, చిక్కులు పెట్టొచ్చు, కానీ చర్మం లోపల దాక్కున్న మూలకణాన్ని ముట్టుకోలేవు. షాంపూ అంతే, హెల్మెట్ అంతే. ఒకటి పీకితే పది వస్తాయనేది కూడా అంతే, ఒక కుదుట్లో జరిగేది పక్క కుదురుకి తెలియదు, పీకిన చోట మళ్లీ ఆ ఒక్కటే తెల్లగా వస్తుంది, మరీ పదే పదే పీకితే కుదురు దెబ్బతిని అక్కడ అసలు రాకుండా పోయే ప్రమాదం ఉంది. కత్తెరతో మొదలు దగ్గర కత్తిరించుకోండి, పీకొద్దు.

టెన్షన్ వల్లేనా

దువ్వెనకి చిక్కిన వెంట్రుకలు ఒక్కోసారి ఓపిగ్గా వెలుతుర్లో పట్టుకుని చూడండి. వాటిలో ఒకటో రెండో చివర నల్లగా, కుదురు వైపు తెల్లగా ఉంటాయి. అంటే ఆ వెంట్రుక పెరుగుతూ పెరుగుతూ మధ్యలో రంగు ఆగిపోయింది. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి, తెల్ల భాగం ఆరు సెంటీమీటర్లుంటే, రాలే ముందు ఖాళీగా ఉన్న రెండు మూడు నెలలు కూడా కలుపుకుని, రంగు ఆగింది సుమారు ఎనిమిది తొమ్మిది నెలల కిందట. ఒంటికి ఏమైందో తేదీలతో సహా రాసిపెట్టుకున్న డైరీ లాంటిది మన దువ్వెనలోనే ఉంటే మనం చూడకుండా చెత్తబుట్టలో వేస్తున్నాం.

సరిగ్గా ఇదే పట్టుకున్నారు కొలంబియా యూనివర్సిటీలో మార్టిన్ పికార్డ్ బృందం. 2021లో వచ్చిన వాళ్ల పరిశోధనలో 14 మంది దగ్గర వెంట్రుకలు తీసుకుని, ఒక్కో వెంట్రుకనీ అణువణువూ స్కాన్ చేసి, ఎక్కడ రంగు తగ్గింది ఎక్కడ పెరిగింది అని గీత గీసి, వాళ్లు చెప్పిన జీవిత వివరాలతో పోల్చారు. కొందరిలో టెన్షన్ ఎక్కువున్న నెలల్లో రంగు తగ్గడం కనిపించింది, అంతకంటే ఆశ్చర్యం ఏంటంటే కొన్ని వెంట్రుకలు మళ్లీ నల్లబడ్డాయి, ఒకాయన సెలవులకి వెళ్లొచ్చిన సమయానికి ఆయన తలలో ఐదు వెంట్రుకలు రంగు తిరిగి తెచ్చుకున్నాయి. ఈ వార్త వాట్సాప్‌లోకి దిగేసరికి "రిలాక్స్ అయితే జుట్టు నల్లబడుతుంది" అయిపోయింది. ఐదు వెంట్రుకలు! మన తలమీద లక్ష దాకా ఉంటాయి. పికార్డ్ వాళ్లు కూడా చెప్పింది అదే, నెరవడానికి అంచు మీద ఉన్న వెంట్రుకల్లోనే ఇది జరగొచ్చు, ఏళ్లుగా తెల్లగా ఉన్న తల మళ్లీ నల్లబడుతుందని ఆశ పెట్టుకోవద్దని.

దానికి ఒక ఏడాది ముందు, 2020లో, హార్వర్డ్‌లో యా-చియే షూ బృందం నల్ల ఎలుకల మీద చేసిన పని ఉంది. ఎలుకలకి తీవ్రమైన నొప్పి, ఒత్తిడి కలిగేలా చేస్తే, కుదుళ్ల దాకా వచ్చే నాడులు నార్‌ఎపినెఫ్రిన్ అనే రసాయనాన్ని కుమ్మరించాయి, దాంతో నిద్రలో ఉండాల్సిన మూలకణాలన్నీ ఒక్కసారే లేచి రంగు కణాలుగా మారిపోయి ఖాళీ అయిపోయాయి. అలా ఖాళీ అయిన కుదుళ్లు మళ్లీ కోలుకోలేదు. కాబట్టి ఒత్తిడి అనేది ఉత్త మాట అని కొట్టిపారెయ్యలేం, కానీ ఎలుక పడ్డ హింసకీ, సోమవారం స్టాండప్ కాల్‌కీ ఒకే బరువు కట్టడం కూడా కుదరదు. ఒకే ఆఫీసులో ఒకే మేనేజర్ కింద నలిగిపోయే పదిమందిలో ఇద్దరికే ఎందుకు నెరుస్తుంది అని అడిగితే టెన్షన్ థియరీ దగ్గర జవాబు ఉండదు.

పనిలో పని, రాత్రికి రాత్రే జుట్టంతా తెల్లబడిపోయింది అనే కథల సంగతి. ఫ్రాన్స్ రాణి మేరీ ఆంటొనెట్‌కి 1793లో తల తీసే ముందు అలా అయిందని చెప్పుకుంటారు, మన ఊళ్లలోనూ పిల్లాడు పోయిన రాత్రే తల్లి తల పండిపోయింది లాంటివి వింటుంటాం. బయటికొచ్చిన వెంట్రుక ఒక్క రాత్రిలో రంగు మార్చుకోవడానికి దారే లేదు. ఎక్కువగా చెప్పే కారణం పేనుకొరుకుడు లాంటి సమస్య, అందులో నల్ల వెంట్రుకలు గబగబా రాలిపోయి అప్పటికే ఉన్న తెల్లవి మిగిలిపోవచ్చు, చూసేవాళ్లకి ఉన్నట్టుండి తెల్లబడినట్టు కనిపిస్తుంది.

మరి అసలు కారణం? మీకు ఎక్కువ ఛాన్స్ ఉన్న జవాబు మీ ఇంట్లో గోడమీద ఫోటోల్లో ఉంది. నాన్నది, మేనమామది, తాతది పాత పెళ్లి ఫోటో తీసి చూడండి (అప్పట్లో వాళ్లు కూడా రంగేసుకుని ఉంటే మాత్రం అమ్మమ్మని అడగాలి, ఆవిడ దాచదు). బాలనెరుపు ఉన్న చాలామందికి ఇంట్లో ఇంకొకరికి ఉంటుంది. 2016లో లాటిన్ అమెరికాలో 6,000 మందికి పైగా జన్యువుల్ని పరిశీలించిన బృందం ఐఆర్‌ఎఫ్4 అనే జన్యువుకీ నెరవడానికీ సంబంధం ఉందని మొదటిసారి చూపించింది. ఆ ఒక్క జన్యువుతోనే అంతా అయిపోతుందని కాదు, ఇలాంటివి చాలా ఉంటాయి, వాటిలో ఏ ముక్కలు మనకి వచ్చాయన్నదాన్ని బట్టి గాదె సైజు ముందే తేలిపోతుంది. 2009లో ఇంకో విషయం బయటపడింది, తెల్లబడిన కుదుళ్లలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పేరుకుపోతోందని, దాన్ని విరగ్గొట్టాల్సిన ఎంజైమ్ తగ్గిపోతోందని. జుట్టు రంగు డబ్బాలో రెండో సీసాలో ఉండేది కూడా అదే హైడ్రోజన్ పెరాక్సైడ్, అంటే లోపల తెల్లబడటంలో చెయ్యున్నదాన్నే బయట నల్లబరచడానికి వాడుతున్నాం. సిగరెట్ తాగేవాళ్లలో త్వరగా నెరవడం ఎక్కువని పరిశోధనల్లో కనిపించడానికి కూడా ఇలాంటి ఆక్సిడేషన్ దెబ్బే కారణం అంటారు. ఈ మొత్తం లిస్టులో మన చేతిలో ఉన్నది గట్టిగా చెప్పాలంటే ఇదొక్కటే, సిగరెట్.

రక్త పరీక్ష ఎందుకు, ఏవి

వంశపారంపర్యమే అని తేల్చేసి కూర్చోకూడదు కూడా, ఎందుకంటే కొంతమందిలో లోపల సరిదిద్దగలిగే లోపం ఉంటుంది. అందులో ముందు చూడాల్సింది విటమిన్ బీ12. అది మాంసం, చేపలు, గుడ్లు, పాల పదార్థాల్లోనే దొరుకుతుంది, కాబట్టి శాకాహారులు, అందులోనూ పాలూ పెరుగూ తక్కువ తినేవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. అయితే ఆదివారం ఆదివారం చికెన్ తింటున్నాం కదా అని నిశ్చింతగా ఉండే ఇళ్లలో ఒక తిరకాసుంది, అది పొద్దున్నే పరగడుపున వేసుకునే గ్యాస్ ట్యాబ్లెట్. ఏళ్ల తరబడి వాడితే ఆ మాత్రలు తిండిలోంచి బీ12 ఒంటికి పట్టకుండా అడ్డం పడతాయి, షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ కూడా అంతే. (అలాగని మెట్‌ఫార్మిన్ మీరే ఆపేయొద్దు, బీ12 చూపించుకోండి చాలు.) అరికాళ్లలో తిమ్మిర్లు, నాలుక మంట, ఊరికే ఆయాసం, నీరసం, వీటితో పాటు జుట్టు నెరుస్తుంటే ఆలస్యం చెయ్యొద్దు, ఎందుకంటే బీ12 తక్కువైతే జుట్టు సంగతి తర్వాత, నరాలు దెబ్బతింటాయి.

రెండోది థైరాయిడ్. బరువు పెరగడం, చలికి తట్టుకోలేకపోవడం, పొడి చర్మం, ఆడవాళ్లలో నెలసరి గాడి తప్పడం ఉంటే టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్త పరీక్ష చేయించాల్సిందే. మామూలుగా బీ12, టీఎస్‌హెచ్, సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), విటమిన్ డీ, ఈ మాత్రం చూస్తారు. ఇక్కడ చాలామందికి తెలియని ఒక చిక్కుంది: బయోటిన్ మాత్రలు వాడుతూ వాడుతూ థైరాయిడ్ పరీక్షకి వెళ్తే కొన్ని ల్యాబ్ మెషీన్లలో రిజల్ట్ తప్పుగా రావచ్చు, 2017లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీద హెచ్చరిక కూడా ఇచ్చింది. జుట్టు కోసం వేసుకున్న మాత్ర జుట్టుకి ఏం చేసిందో గానీ, లేని థైరాయిడ్ జబ్బు కాగితం మీద తెప్పిస్తే అదో గోల. పరీక్షకి ముందు ఆ డబ్బా సంగతి డాక్టర్‌కి చెప్పండి, ఎన్నాళ్లు ఆపాలో వాళ్లే చెప్తారు. పోనీ బయోటిన్ తెల్లజుట్టుని నల్లబరుస్తుందా అంటే, ఒంట్లో బయోటిన్ లోపమే లేని మామూలు మనిషికి అలా అవుతుందనడానికి నమ్మదగ్గ ఆధారం లేదు. డాక్టర్లు రాసే కాల్షియం పాంటోథెనేట్ (విటమిన్ బీ5) మాత్రల పరిస్థితి కూడా అంత గొప్పగా ఏమీ లేదు, రాసేవాళ్లు రాస్తారు, ఆధారాలు మాత్రం పల్చన.

ఒకే చోట పాయగా తెల్లబడి, దాని కింద చర్మం కూడా తెల్లగా ఉంటే అది బాలనెరుపు లెక్కలోకి రాదు, బొల్లి కావచ్చు, చర్మ డాక్టర్ చూడాలి.

లోపం దొరికితే అదృష్టమే అనుకోండి, దాన్ని సరిచేస్తే కొంతమందికి కొత్తగా వచ్చే వెంట్రుకల్లో రంగు తిరిగొస్తుంది, అందరికీ రాదు, వచ్చినా నెలలు పడుతుంది. ఏమీ దొరక్కపోతే, అంటే చాలామంది విషయంలో జరిగేది ఇదే, అక్కడితో మెడికల్ చాప్టర్ మూసెయ్యాలి. మూలకణాలు చోటు మారలేక ఒక దగ్గర ఇరుక్కుపోవడమే కారణమేమో అని 2023లో న్యూయార్క్ యూనివర్సిటీలో మయూమి ఇటో బృందం ఎలుకల్లో చూపించింది, దాన్నుంచి ఎప్పటికైనా మందు రావచ్చేమో, ఈరోజుకైతే షాపులో దొరికే సీసా ఏదీ ఆ పని చెయ్యదు.

కరివేపాకు, ఉసిరి, గుంటగలగరాకు నూనె, మందార ఆకు గురించి నేను వెటకారం చెయ్యను. మా ఇంట్లో గుంటగలగరాకు నూరి కొబ్బరినూనెలో కాచేవాళ్లు, ఆ వాసన నాకిష్టం, జుట్టు మెత్తగా ఉంటుంది, చిక్కు తీయడం తేలిక. కరివేపాకు పొడి అన్నంలో కలుపుకుంటే ఒంటికి మంచిదే. ఇవన్నీ జుట్టుకో నోటికో చేసే మేలు, ఖాళీ అయిన మూలకణాన్ని పుట్టించే మేలు మాత్రం కాదు. నూనె రాశాక తెల్లవి కాస్త మసక నలుపుగా కనిపించడం నిజమే, నూనె పట్టిన వెంట్రుక మీద వెలుతురు పడే తీరే వేరు, తలస్నానం అయ్యాక చూడండి.

రంగు వేసుకునేవాళ్లకి

ఆదివారం పొద్దున పాత బనియన్ ఒకటి, చెవి అంచుకి కొబ్బరినూనె, అట్టుముక్క కూడా ఎవరూ పెట్టనివ్వని ప్రత్యేకమైన ప్లాస్టిక్ గిన్నె, నోట్లో బ్రష్ కరుచుకుని రెండు చేతులతో వెనకాల పాపిట తీసుకోవడం, బాత్రూం టైల్ మీద పడ్డ చుక్కని ఎవరూ చూడకముందే తుడవడం, అరగంట ఎవరొచ్చినా తలుపు తియ్యకుండా ఉండటం. ఇది చాలా ఇళ్లలో నడిచే కార్యక్రమం, మూడు వారాలు తిరిగేసరికి పాపిట దగ్గర తెల్ల గీత మళ్లీ హాజరు.

ఆ ప్యాకెట్లో తెలుసుకోవాల్సిన పేరు పీపీడీ, అంటే పారా ఫెనిలీన్ డయమైన్. నలుపు గట్టిగా నిలబడేది దాని వల్లే, ఎలర్జీ వచ్చేదీ ఎక్కువగా దాని వల్లే. తల దురద, కనురెప్పల వాపు, ఒక్కోసారి మొహమంతా ఉబ్బిపోవడం. మనవాళ్లలో ఇంకో రూపం కూడా ఉంది, దురదేమీ లేకుండానే నుదురు అంచు, చెవుల ముందు భాగం నెమ్మదిగా నల్లబడిపోవడం, దాన్ని ఎండ దెబ్బ అనుకుని ఫెయిర్‌నెస్ క్రీమ్ రాస్తూ రంగు మాత్రం ఆపరు. పదేళ్లుగా వాడుతున్నా ఏమీ కాలేదు అనేది గ్యారంటీ కాదు, ఈ ఎలర్జీ ఎన్నేళ్లకైనా ఉన్నట్టుండి రావచ్చు. అందుకే ప్రతిసారీ చెవి వెనకో మోచేతి మడతలోనో కొంచెం రాసి 48 గంటలు ఆగమంటారు. ఆగేవాళ్లని నేనైతే చాలా తక్కువమందిని చూశాను, పెళ్లికి రేపు బయల్దేరాలి అనగా ఈరోజు రాత్రి ప్యాకెట్ చింపే జాతి మనది.

"అమ్మోనియా లేదు" అని డబ్బా మీద పెద్దక్షరాలతో ఉంటే పీపీడీ లేదని అర్థం కాదు, వెనకాల చిన్నక్షరాలు చదవాలి. నల్ల మెహందీ అని అమ్మే పొడులూ అంతే. నిజమైన గోరింటాకు తెల్ల వెంట్రుక మీద నారింజ రంగో ఇటుక రంగో ఇస్తుంది, దానిమీద నీలి ఆకు పొడి రెండోసారి పట్టిస్తేనే నలుపుకి దగ్గరవుతుంది, ఇది గంటల తరబడి పని. అరగంటలో కారు నలుపు వచ్చిందంటే ఆ పొడిలో గోరింటాకు కాకుండా ఇంకేదో ఉంది. పీపీడీ పడనివాళ్లకి గోరింటాకు, నీలి కలిపిన పద్ధతి మంచి దారి, కలిపిన పొడి కాకుండా విడివిడిగా నమ్మకమైన చోట కొనుక్కుంటే.

క్యాన్సర్ భయం సంగతి కూడా ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ 2010లో చెప్పిందేంటంటే, రోజంతా ఇవే రసాయనాల మధ్య పనిచేసే సెలూన్ వాళ్లకి ముప్పు ఉండే అవకాశం ఉంది, సొంతానికి వేసుకునేవాళ్ల విషయంలో తేల్చి చెప్పేంత ఆధారం లేదు అని. మనకి రంగేసే అన్న చేతికి గ్లవుజులు ఉన్నాయా లేదా అని ఎప్పుడైనా చూశారా? ఇంకోటి, ఈ డై పొరపాటున నోట్లోకి పోతే చాలా ప్రమాదం, చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ ప్యాకెట్లు అందని చోట పెట్టండి, పోయిందని తెలిస్తే వెంటనే హాస్పిటల్‌కే.

ఒప్పుకోవడం అంటే

ఈ మధ్య ఒక కొత్త ఒత్తిడి మొదలైంది, తెల్లజుట్టుని "ఒప్పుకోవడం" అంటే రంగు మానెయ్యడమే అని, వేసుకుంటే ఆత్మవిశ్వాసం లేనట్టని. నేను ఒప్పుకోను. రంగేసుకుంటూ హాయిగా ఉన్నవాళ్లున్నారు, రంగు మానేసి ప్రతి అద్దం ముందూ ఆగి కుమిలిపోయేవాళ్లున్నారు. 2021లో సినిమా నటి సమీరా రెడ్డి తెల్లజుట్టుతో ఫోటో పెట్టి, రంగెందుకు వేసుకోవట్లేదని నాన్న అడిగారని, ఒకప్పుడు ఆ తెల్ల గీత ఎవరికీ దొరక్కూడదని రెండు వారాలకోసారి వేసుకునేదాన్నని, ఇప్పుడు వేసుకోవాలనిపించినప్పుడే వేసుకుంటున్నానని రాసింది. నాకు నచ్చింది ఆఖరి ముక్క. మానేశాను అనలేదు, వేసుకున్నా ఇప్పుడు భయంతో కాదు అంది.

మగవాళ్లకి ఈ విషయంలో సుఖం ఎక్కువే అని ఒప్పుకోవాలి. తమిళ హీరో అజిత్ తెల్లజుట్టుతోనే స్క్రీన్ మీద కనపడితే సాల్ట్ అండ్ పెప్పర్ స్టైల్ అన్నారు, అదే పాతికేళ్ల అమ్మాయి పాపిట్లో నాలుగు తెల్లవి కనపడితే "ఏంటే, అప్పుడే ముసలిదానివైపోయావా, పెళ్లి చెయ్యాల్సిన పిల్లవి" అని పేరంటంలో పది మంది ముందు అంటారు. అబ్బాయిలకి మాత్రం తగిలే దెబ్బ ఎక్కడంటే అపార్ట్‌మెంట్ కింద. బాల్ దొర్లుకుంటూ మన కాళ్ల దగ్గరికొస్తుంది, ఎనిమిదేళ్ల పిల్లాడు "అంకుల్, బాల్!" అంటాడు, పక్కనే నడుస్తున్న మనకంటే రెండేళ్లు పెద్దవాడైన ఫ్రెండ్‌ని "అన్నా" అంటాడు. మొదటిసారి కాస్త మండుతుంది. దీనికి తిరుగు లాభం కూడా ఉంది లెండి, ఆఫీసుకి కొత్త క్లయింట్లు వస్తే టీమ్ లీడ్‌ని వదిలేసి నేరుగా మన దగ్గరికొచ్చి కూర్చుంటారు.

పెళ్లిచూపుల దగ్గర మాత్రం నాదొక గట్టి అభిప్రాయం. మ్యాట్రిమోనీ ఫోటోకి రంగేసుకోండి, ఫోటో ఫోటోనే, కానీ మాటలు ముందుకి వెళ్తున్నప్పుడు ఫోన్లోనే ఒక ముక్క చెప్పెయ్యండి, "నాకు చిన్నప్పట్నుంచే నెరిసింది, రంగేసుకుంటాను, ఇంట్లో నాన్నకీ ఇంతే" అని. పెళ్లైన మూడో వారం ఎలాగూ తెలిసేదే, అప్పుడు గొడవ జుట్టు మీద ఉండదు, ఎందుకు దాచారన్న దానిమీద ఉంటుంది. చెప్పినందుకే వెనక్కి పోయే సంబంధం పోతే పోనివ్వండి.

మానెయ్యాలి అనుకునేవాళ్లకి అసలు కష్టం మధ్యకాలం. పొట్టి జుట్టున్న మగవాళ్లకి రెండు మూడు కటింగులతో అయిపోతుంది. నడుం దాకా జడ ఉన్నవాళ్లకి నెలకి ఒక సెంటీమీటరు లెక్కన ఏళ్లు పడుతుంది, సగం తెలుపు సగం నలుపు, మధ్యలో గీత గీసినట్టు. 2020 లాక్‌డౌన్‌లో సెలూన్లు మూతబడి, ఎవరూ ఇంటికి రాని నెలల్లో ఆ మధ్యకాలం దాటేసిన ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లు జుట్టు భుజాల దాకా కత్తిరించుకోవచ్చు, లేదా ఒకేసారి ఆపకుండా నలుపు నుంచి గోధుమ రంగుకి మెల్లగా దిగొచ్చు, గీత అంత కొట్టొచ్చినట్టు కనపడదు.

అన్నిటికంటే చికాకైన పరిస్థితి స్కూలు పిల్లలది. ఎనిమిదో తరగతి పిల్లకి తెల్లవెంట్రుకలు వచ్చాయంటే ముందు బీ12, ఐరన్, థైరాయిడ్ చూపించండి, ఏమీ లేకపోతే నాన్న చిన్నప్పటి ఫోటో చూపించి ఇది మనింటి జుట్టు అని చెప్పండి. పీకనివ్వొద్దు. రంగు మాత్రం అప్పుడే మొదలెట్టొద్దు, యూరప్‌లో అమ్మే రంగు డబ్బాల మీద 16 ఏళ్లలోపు వాళ్లకి కాదని రాసి ఉంటుంది, పైగా ఎలర్జీ ఒకసారి అంటుకుంటే జీవితాంతం ఉండిపోతుంది. ఇక ఫంక్షన్‌లో ఎవరో అత్తయ్య ఆ పిల్ల జడ పట్టుకుని పైకెత్తి "అయ్యో, అప్పుడే నెరిసిపోయిందే, ఏం తిండి పెడుతున్నారే దీనికి" అంటుంది చూడండి, అప్పుడు మాట్లాడాల్సింది పిల్ల కాదు, అమ్మో నాన్నో. "టెస్టులు చేయించాం అత్తయ్యా, అన్నీ బాగున్నాయి, వీళ్ల నాన్న పోలిక" అని అక్కడికక్కడే తేల్చేసి, పిల్లని భోజనాల దగ్గరికి పంపెయ్యండి.